అచ్చు సామాను కోసం జపాన్ దాకా

చెక్క మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీయడానికి ప్రెస్సు అక్కర్లేదు. ఘాటు వాసన సిరాలూ టర్పెంటైనూ రోలర్లూ కూడా అక్కర్లేదు. జపాన్ వాళ్ల పద్ధతిలో అయితే నీళ్లలో కలిసే రంగు, కాస్త బియ్యపు జిగురు, ఒక కత్తి, ఒక పలక, తడిపిన కాగితం, ఆ కాగితాన్ని వెనక నుంచి రుద్దడానికి అరచేతిలో ఇమిడే బిళ్ల ఒకటి ఉంటే పని నడుస్తుంది. వంటింటి గట్టు మీద మొదలుపెట్టి అక్కడే ముగించుకోవచ్చు. ఇదంతా పుస్తకాల్లో చదివి ఎప్పటినుంచో తెలుసు. ఆ కత్తి చేతికి ఎంత బరువుగా ఉంటుందో, ఆ బిళ్ల ఎంత ఒత్తిడి అడుగుతుందో మాత్రం చదివితే తెలిసేవి కావు. అందుకే మా అక్క కూతురు టోక్యో రమ్మని పిలవగానే, చూడాల్సిన చోట్ల సంగతి దానికి వదిలేసి, నేను కొనాల్సిన సామాను జాబితా రాసుకుని బయలుదేరాను.

మాది బందరు. పక్కనే పెడనలో టేకు దిమ్మల మీద అచ్చులు చెక్కేవాళ్లని చూస్తూ పెరిగాను. పెద్దయ్యాక బళ్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేశాను. పెడనలో దిమ్మని రంగులో ముంచి గుడ్డ మీద దించుతారు. జపాన్‌లో దిమ్మ కదలదు. కాగితమే దాని మీదికి వస్తుంది. తేడా ఇంతేనా అనిపిస్తుంది గానీ పనిముట్లన్నీ అక్కడి నుంచే మారిపోతాయి. దిమ్మ చేత్తో ఎత్తాల్సిన పని లేదు గనుక పలక ఎంత వెడల్పైనా ఉండొచ్చు. పైనుంచి కొట్టే దెబ్బ లేదు గనుక గీత వెంట్రుక మందానికి దిగినా నిలబడుతుంది. దెబ్బ చేసే పని అంతా రుద్దే బిళ్ల మీదా కాగితం మీదా పడుతుంది.

మా అక్క కూతురు, అంటే మా అమ్మాయి, ఉండేది నిషి-కసాయ్‌లో. మనవాళ్లు ఎక్కువగా ఉండే పేట కాబట్టి కందిపప్పుకీ చింతపండుకీ లోటు లేదు. అక్కణ్నించి తోజాయ్ లైన్‌లో కుదాన్‌షితా దాకా వెళ్లి, జింబోచోకి నడిచాం. జింబోచో పాత పుస్తకాల పేట. ఆ దుకాణాల మధ్య బున్‌పోదో అనే చిత్రకళా సామగ్రి దుకాణం ఉంది. 1887లో మొదలైందట. నూనె రంగులు, కుంచెలు దాటుకుని అచ్చుపని సామాను ఉన్న అరల దగ్గరికి వెళ్లాక చాలాసేపు నేనక్కణ్నించి కదల్లేదు.

కొట్టులో పెద్దాయన నా చెయ్యి వైపు చూసి ఏదో అడిగారు.

“పిన్నీ, నీది కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా అని అడుగుతున్నారు” అంది మా అమ్మాయి.

“అదెందుకే?”

“కత్తి దాన్నిబట్టి ఇస్తారట.”

ఆ ప్రశ్నలోనే ఆ కత్తి గుట్టంతా ఉంది. జపాన్ చెక్కుడు కత్తిని హంగితో అంటారు. దానికి పదును ఒకవైపే. ఒక పక్క చదునుగా ఉంటుంది, రెండో పక్క ఏటవాలుగా దిగుతుంది. అందుకే కుడిచేతి కత్తి ఎడమచేతి వాళ్లకి పనికిరాదు. చదును వైపు గట్టి ఉక్కు పలచగా ఉంటే దాని వెనక మెత్తటి ఇనుము దన్నుగా అతికి ఉంటుంది. రెండింటినీ కొలిమిలో కాల్చి, కొట్టి ఒకటి చేస్తారు. ఉక్కు పదును నిలుపుతుంది, ఇనుము దెబ్బకి ఓర్చుకుంటుంది, పైగా సాన మీద త్వరగా అరుగుతుంది. దీన్ని కలంలా పట్టుకోరు. పిడికిలి బిగించి, బొటనవేలు పిడి తల మీద ఆనించి, తమ వైపుకి లాగుతారు. గీతకి ఒక పక్క ఏటవాలుగా ఒక కోత, కొంచెం ఎడంగా ఎదురు వాలులో ఇంకో కోత పెడితే మధ్య చెక్క సన్నటి తీగలా లేచి వస్తుంది. మిగిలిన గీత పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది కాబట్టి విరగదు.

గీతల చుట్టూ మిగిలే ఖాళీని తవ్వి తీయడానికి గుండ్రటి అంచున్న ఉలులు, విశాలమైన చోట్లకి చెక్కసుత్తితో కొట్టే వెడల్పాటి ఉలులు, గీతల పక్కన శుభ్రం చేయడానికి ఐసుకి అనే చిన్న ఉలి ఉంటాయి. అర నిండా వాటి కొలతలే. అక్కడ నిలబడితే అన్నీ కావాలనిపిస్తుంది. నేను తీసుకున్నది ఒక హంగితో, రెండు గుండ్రటి ఉలులు, ఒక ఐసుకి. ఇప్పటికీ అవే సరిపోతున్నాయి. పక్క అరలోనే బడిపిల్లల సెట్లు కూడా ఉన్నాయి. అక్కడ ప్రాథమిక బడిలోనే పిల్లల చేత చెక్క అచ్చులు వేయిస్తారు. కొత్త సంవత్సరానికి పోస్టుకార్డులు ఇంట్లోనే చెక్కి అచ్చేసి పంపే అలవాటు చాలామందికి ఉండేది. ఆ సెట్లు మన డబ్బులో వెయ్యి రూపాయలకి అటూ ఇటూ. మన బళ్లలో డ్రాయింగ్ పీరియడ్ అంటే క్రేయాన్లు దాటకపోవడం నన్ను ముప్పై ఏళ్లుగా బాధపెడుతున్న సంగతి. ఆ అర ముందు ఆ బాధ ఇంకాస్త పెరిగింది.

కత్తులకి బిల్లు వేయబోతూ పెద్దాయన సానరాళ్లు కూడా తెచ్చి పక్కన పెట్టారు. అడగలేదు, పెట్టేశారు. వెయ్యి నంబరు రాయి ఒకటి, ఆరువేలది ఒకటి. మొదటిది అంచుని సరిచేస్తుంది, రెండోది నున్న చేస్తుంది. రాయిని నీళ్లలో నానబెట్టి, కత్తి ఏటవాలు భాగం మొత్తం రాయికి ఆనేలా పట్టి, ఆ కోణం చెదరకుండా ముందుకీ వెనక్కీ నూరాలి. కాసేపటికి చదును వైపు అంచున సన్నటి ఉక్కు పొర లేచి గోటికి తగులుతుంది. అప్పుడు కత్తి తిప్పి, చదును వైపు రాయికి పూర్తిగా ఆనించి ఆ పొర తీసెయ్యాలి. ఆ తర్వాత సన్నరాయి మీద మళ్లీ ఇదే క్రమం. మధ్యలో రాయే గుంట పడుతుంది కాబట్టి దాన్నీ అప్పుడప్పుడూ ఇంకో రాయితో అరగదీసి సమం చేసుకోవాలి. ఇంట్లో అచ్చుపని మొదలుపెట్టి మధ్యలో మానేసిన చాలామంది చెయ్యి బాగోలేక మానెయ్యలేదనీ, కత్తి మొద్దుబారి మానేశారనీ నా నమ్మకం. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టాలి. బలం ఎక్కువైతే కత్తి జారుతుంది, గీత తెగుతుంది, వేలూ తెగుతుంది. పదునైన కత్తి తన బరువుతోనే చెక్కలోకి దిగుతుంది.

పలకల దగ్గర నిర్ణయం సులువుగానే అయింది. పాత బొమ్మలకి ఎక్కువగా వాడింది యమజకురా, అంటే అడవి చెర్రీ. గట్టిది, నార దగ్గరదగ్గరగా ఉండేది, వేల అచ్చులకి ఓర్చుకునేది. ఇప్పుడది దొరకడం కష్టం, ఖరీదు. ఇంటి పనికి అందరూ వాడేది షినా ప్లైవుడ్. లిండెన్ జాతి చెట్టు కలప, మెత్తన, ఏ దిశలో కోసినా పెద్దగా ఎదురు తిరగదు. రెండు వైపులా చెక్కుకోవచ్చు. నేను కొన్ని చిన్న పలకలే తెచ్చుకున్నాను. కలప ఏ దేశంలోనైనా దొరుకుతుంది గనుక సంచి బరువు దానికి ఖర్చుపెట్టలేదు.

మరోరోజు మెజిరో స్టేషన్‌లో దిగి షిమో-ఓచియాయ్‌లోని అదాచి సంస్థకి వెళ్లాం. హొకుసాయ్, హిరోషిగే అనే చిత్రకారుల బొమ్మల్ని పాత పద్ధతిలోనే మళ్లీ చెక్కించి అచ్చు వేయించే సంస్థ అది. అక్కడ అచ్చు వేసే ఒకాయన పని చేసి చూపించారు. ఈ యాత్రలో నేను ఎక్కువ నేర్చుకున్నది ఆ గదిలోనే.

ఆయన కింద కూర్చున్నారు. ముందున్న పీట తన వైపు ఎత్తుగా, అవతలి వైపు పల్లంగా వాలి ఉంది. మనం రాసే డెస్కుకి ఇది సరిగ్గా తిరగేసిన వాలు. ఎందుకో ఆయన రుద్దడం మొదలుపెట్టాక అర్థమైంది. ముందుకి వంగితే ఒంటి బరువంతా చేతిలోకి దిగుతుంది, భుజం నొప్పి పుట్టదు. పలకని తడిగుడ్డతో తుడిచి, చిన్న కుంచెతో రంగు చుక్కలు పెట్టారు. పక్కనే గోరంత బియ్యపు జిగురు. తర్వాత గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో రెండింటినీ గుండ్రంగా కలిపి, చివర పొడుగ్గా లాగి సమం చేశారు. జిగురు లేకపోతే రంగు చుక్కచుక్కలుగా విరిగిపోతుంది. ఎక్కువైతే కాగితం అంటుకుంటుంది.

ఆ బ్రష్షుని కొత్తది కొన్నట్టుగానే వాడరు. వెంట్రుకల కొసలు కాలిన పెనం మీద కొంచెం మాడ్చి, సొరచేప చర్మం మీద బాగా రుద్దుతారు. కొసలు చీలి మెత్తబడితేనే బ్రష్షు చారలు అచ్చులో కనపడవు. ఆ చర్మం ముక్క గోడకి చెక్క మీద బిగించి ఉంది. వేలితో ఒక దిక్కున రాస్తే నున్నగా, ఇంకో దిక్కున ఆకురాయిలా తగిలింది.

కాగితం పెట్టడం చూడటానికే వెళ్లాలి. పలక కుడి మూలన సమకోణంలో ఒక చిన్న గాడి, ఎడమ పక్క ఒక తిన్నని గాడి చెక్కి ఉంటాయి. వాటిని కెంతో అంటారు. కాగితం మూల కుడి గాడిలో ఆనించి, అంచుని ఎడమ గాడికి తగిలించి వదిలితే ఎన్ని రంగులున్నా అన్నీ ఒకదాని మీద ఒకటి తప్పకుండా కూర్చుంటాయి. మన పెడనలో అంచు చుక్కలు చూసుకుని కంటి గురితో దిమ్మ దించే నేర్పు వేరు. ఇక్కడ ఆ గురిని పలకలోనే చెక్కి పెట్టేశారు. ఇంట్లో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంతకంటే మేలైన ఏర్పాటు లేదు. 1765లో చిత్రకారుడు హరునొబు కాలానికి పలు రంగుల బొమ్మలు నిలదొక్కుకున్నాయంటే దాని వెనక ఈ రెండు చిన్న గాళ్లే ఉన్నాయి.

ఇక ఆ బిళ్ల. దాని పేరు బరెన్. పైకి వెదురు పొట్టు చుట్టిన గుండ్రటి వస్తువు, అంతే. లోపలే ఉంది విషయం. వెదురు పిలకని కప్పి ఉంచే పొట్టుని సన్నగా చీల్చి, తాడుగా పేని, ఆ పేనిన తాడుని మళ్లీ మళ్లీ పేని, చివరికి చుట్టలా గుండ్రంగా చుట్టి కుడతారు. ఆ తాడు ముడుల వరసే కాగితాన్ని లక్ష చోట్ల నొక్కుతుంది. సన్నటి తాడు గీతలకి, ముతక తాడు వెడల్పాటి రంగులకి. ఆ చుట్టని పట్టి ఉంచే పళ్లెం పలచటి కాగితం పొరలు పదులకొద్దీ అతికించి, ఉరుషి చెట్టు పాలు పూసి చేసింది. చేతితో చేసిన అసలైన బరెన్ ఒక్కటి లక్ష యెన్‌లు దాటుతుంది, చేసేవాళ్లు కూడా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అచ్చు వేసే ఆయన మధ్యమధ్యలో దాన్ని కమెలియా నూనె రాసిన గుడ్డకి తాకించి, మళ్లీ కాగితం మీద అడ్డంగా, నిలువుగా తిప్పారు. పైన చుట్టిన వెదురు పొట్టు అరిగి చిరిగిపోతుంది. కొత్తది తడిపి, సాగదీసి, రెండు కొసలూ మెలిపెట్టి వెనక పిడిగా కట్టుకోవాలి. అది ఎవరికి వారే చేసుకోవాలట. మా ముందే పాతది విప్పి కొత్తది కట్టి చూపించారు. నేను వీడియో తీసుకోకుండా చేతుల్నే చూశాను.

ఆకాశం పైన ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ తేలిపోవడం హిరోషిగే బొమ్మల్లో అందరూ చూసి ఉంటారు. అది చెక్కింది కాదు. బ్రష్షు ఒక కొసన రంగు, రెండో కొసన నీళ్లు పెట్టుకుని పలక మీద ఒక్క దిశలో లాగితే వచ్చేది. ప్రతి కాగితానికీ మళ్లీ చెయ్యాలి, ప్రతిసారీ ఒకేలా రావాలి.

ఇంత నైపుణ్యం చూశాక ఇంట్లో మనవల్ల అవుతుందా అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. దానికి జవాబు జపాన్ చరిత్రలోనే ఉంది. పాత కాలంలో బొమ్మ గీసేవాడు ఒకడు, చెక్కేవాడు ఒకడు, అచ్చేసేవాడు ఒకడు, డబ్బు పెట్టి అమ్మేవాడు ఒకడు. 1904లో యమమొతో కనాయె అనే యువకుడు ఒక జాలరి బొమ్మని తానే గీసి, తానే చెక్కి, తానే అచ్చేశాడు. అప్పటినుంచి ఒంటిచేతి అచ్చుకి ఒక దారి ఏర్పడింది. ఆ దారిలోనే మునకత షికో వచ్చాడు. చూపు బాగా తక్కువ, ముఖం పలకకి దాదాపు ఆనించి చెక్కేవాడు. గీతలు నాజూకుగా ఉండవు, దడదడలాడుతూ ఉంటాయి. 1956లో వెనిస్ బియెన్నాలే కళా ప్రదర్శనలో అచ్చు బొమ్మలకి పెద్ద బహుమతి ఆయనకే వచ్చింది. హొకుసాయ్ బొమ్మలు చెక్కినవాళ్ల నైపుణ్యం నాకు ఎంత గౌరవమో, ఇంట్లో కూర్చుని చెక్కేవాళ్లకి దారి చూపించేది మాత్రం మునకతే అని గట్టిగా అనుకుంటాను.

జాబితాలో చివర మిగిలింది కాగితం. టోక్యోలోనే దొరుకుతుంది. కానీ అది పుట్టే చోటికి వెళ్లకుండా వెనక్కి రావాలనిపించలేదు. షిన్‌కాన్‌సెన్ బుల్లెట్ రైలుని 2024 మార్చిలో త్సురుగా దాకా పొడిగించారు కాబట్టి ఎచిజెన్-తకెఫు స్టేషన్‌కి టోక్యో నుంచి నేరుగా వెళ్లొచ్చు. అక్కణ్నించి కొండల వైపు కాస్త దూరంలో కాగితం చేసే ఊళ్లు ఐదు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. వాగు ఒడ్డునే ఇళ్లు, ఇళ్లలోనే కార్ఖానాలు. కాగితం తయారీ నేర్పిందని చెప్పుకునే దేవత కవకామి గొజెన్‌కి అక్కడ గుడి ఉంది. దేవదారు చెట్ల మధ్య, కప్పు మీద కప్పు ఒదిగినట్టున్న ఆ గుడి ముందు మా అమ్మాయీ నేనూ చాలాసేపు నిలబడ్డాం. ఒక చేతిపనికి దేవత ఉండటం నాకు కొత్త కాదు. మన కంసాలులకీ వడ్రంగులకీ విశ్వకర్మ ఉన్నాడు. కాగితానికే ఒక అమ్మవారు ఉండటం మాత్రం మొదటిసారి చూశాను.

పాత ఇంటిని మార్చి పెట్టిన ఉదత్సు మ్యూజియంలో పనివాళ్లు కాగితం తీసి చూపిస్తారు. కోజో అనే మల్బరీ జాతి మొక్క కొమ్మల్ని ఆవిరి పట్టి బెరడు ఒలుస్తారు. దాన్ని క్షారంలో ఉడికించి, చల్లటి పారే నీళ్లలో పెట్టి మరకలూ పెంకులూ ఒక్కొక్కటే వేళ్లతో ఏరుతారు. ఆ గదిలో ఇద్దరు ఆడవాళ్లు వంగి ఆ పనే చేస్తున్నారు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు. తర్వాత నారని దంచి తొట్టిలో కలుపుతారు. అందులో తొరొరో-అఓయి వేళ్ల నుంచి తీసిన జిగట కలుస్తుంది. అది మన బెండకి దగ్గరి చుట్టం. ఆ జిగట వల్లే నార అడుక్కి దిగకుండా నీళ్లలో తేలుతూ ఉంటుంది. వెదురు పుల్లల చాపని తొట్టిలో ముంచి లేపి, ఊపి, మళ్లీ ముంచి లేపుతుంటే కాగితం ఒక్కో పొరా పేరుకుంటుంది. నార పొడుగ్గా ఉండి అన్ని దిక్కులా అల్లుకుంటుంది కనుకే తడి కాగితాన్ని పదిసార్లు బరెన్‌తో రుద్దినా చిరగదు.

అచ్చు బొమ్మలకి శ్రేష్ఠమని పేరున్న హోషో కాగితం చేసే ఇవానో ఇచిబేయి వంశం ఈ ఊరిదే. తొమ్మిదో తరం ఇచిబేయిని ఆ దేశం జీవించి ఉన్న జాతీయ నిధిగా గుర్తించింది. ఆ కాగితం కొన్ని తావులు కొన్నాను. ఖరీదే. కానీ అచ్చు వేసి చూశాక, సామాను మొత్తంలో తేడా ఎక్కువ చూపించేది కాగితమేనని నాకు తేలిపోయింది. నూనె సిరా కాగితం పైన కూర్చుంటుంది. ఈ నీటిరంగు నార లోపలికి దిగుతుంది. ఆ లోతు వేరే కాగితంతో రాదు.

వచ్చేటప్పుడు కత్తులన్నీ చెక్-ఇన్ పెట్టెలో, అంచులకి తొడుగులు వేసి పెట్టుకున్నాను. చేతిసంచిలో ఒక్క కత్తి ఉన్నా విమానంలోకి రానివ్వరు.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టాక మన ఊరికి తగిన సర్దుబాట్లు తెలిశాయి. జిగురుకి జపాన్ సీసా అక్కర్లేదు. బియ్యప్పిండిని చల్లటి నీళ్లలో కలిపి చిక్కగా ఉడికించి, చల్లారాక జల్లించుకుంటే సరిపోతుంది. రోజుకారోజు చేసుకోవాలి. బ్రష్షులకి గుర్రపు వెంట్రుకల షూ బ్రష్షు బాగా పనికొస్తుంది. దాని కొసలు పెనం మీద మాడ్చి, ఆకురాయి కాగితం మీద రుద్దాను. రంగులకి ట్యూబు వాటర్‌కలర్లు చాలు. నల్లరంగుకి సుమి సిరా తెచ్చుకున్నాను గానీ మంచి ఇండియన్ ఇంక్ ఏదైనా మొదటి పాఠాలకి నడుస్తుంది, బ్రష్షు వెంటనే కడిగేస్తే. కాగితం తడపడమే కష్టం. ముందురోజు సాయంత్రం తావు విడిచి తావు తడిపి, దొంతరగా పెట్టి, ప్లాస్టిక్‌లో చుట్టి బరువు పెడితే తెల్లారేసరికి అన్నిటికీ సమంగా తడి పాకుతుంది. మే నెలలో మా ఇంట్లో ఫ్యాన్ తిరిగితే అది నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి ఫ్యాన్ ఆపి, పొద్దున్నే పని చేసుకుంటాను. వానాకాలంలో బూజు పడుతుంది. మిగిలిన తడి కాగితాన్ని ఫ్రీజర్‌లో పెట్టెయ్యాలి. జపాన్ కాగితం అయిపోతే నేపాల్ లోక్తా కాగితం దగ్గరగా వస్తుంది, అదీ పొడుగు నారదే. పలకలకి మన అంకుడు కర్ర మీద ప్రయత్నించాలని ఉంది. ఏటికొప్పాక బొమ్మలకి అంత చక్కగా లొంగే కర్ర, దీనికి ఎలా లొంగుతుందో చూడాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలని నన్ను అడిగితే ఒక మంచి కత్తి, రెండు సానరాళ్లు, మంచి కాగితం అంటాను. బరెన్ చవకది కొనుక్కోండి. స్టీలు గరిటె వెనకవైపుతో రుద్దినా మొదటి అచ్చు వస్తుంది. పోస్టుకార్డు కొలత పలక తీసుకోండి, ఒక్క నల్లరంగుతో మొదలుపెట్టండి. అక్షరాలు చెక్కేటట్టయితే పలక మీద తిరగేసి రాసుకోవడం మరవకండి. ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలుంటే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, రెండో చెయ్యి ఎప్పుడూ కత్తికి వెనకే ఉండాలని ముందే నేర్పండి. సంక్రాంతికి ఇంకా టైముంది. ఈసారి శుభాకాంక్షలు మీరే చెక్కి, అచ్చేసి, పోస్టులో పంపండి.